అప్‌డేట్: నాన్నగారి కిడ్నీ మార్పిడి పరీక్షలు ఎంతవరకు వచ్చాయంటే

డయాలసిస్ మీద ఉన్న మా నాన్నగారికి కిడ్నీ మార్పిడి ముందటి పరీక్షలు ఎందుకు తెమలడం లేదని ఇదివరకు అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

అసలు చిక్కు తేదీల్లో ఉంది. వారానికి మూడు రోజులు నల్లగొండలో నాలుగేసి గంటల డయాలసిస్, మిగిలిన రోజుల్లో హైదరాబాదుకు వంద కిలోమీటర్ల ప్రయాణం. గుండె పరీక్ష పూర్తయి, పళ్ల డాక్టరు చీటీ చేతికొచ్చేసరికి, మొదట చేయించిన రక్తపరీక్షలు పాతబడ్డాయని మళ్లీ చేయించమన్నారు. ఈ మాట ముందే చెప్పి ఉంటే నాన్నగారికి అంత అలసట తప్పేది.

దాత మా అమ్మ. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్య దగ్గరి బంధువే. అయినా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటిది ఉండడంతో ఫైలు ఆగిపోయింది. పెళ్లి రిజిస్టరు చేయించలేదు కనుక, అమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి అంచులు చెదలు తిన్న శుభలేఖను, రంగు వెలిసిన పెళ్లి ఫొటోను తీసి ఇచ్చింది.

క్రాస్‌మ్యాచ్ నెగెటివ్ వచ్చింది, అంటే అమ్మ కిడ్నీకి నాన్నగారి రక్తంలో ఎదురు లేదు. అయితే అమ్మకు బీపీ కొంచెం ఎక్కువగా ఉందని 24 గంటల బీపీ పరీక్ష రాశారు. ఆమె పనికిరాకపోతే ఎలా అన్న భయంతో బ్రెయిన్‌డెడ్ అయినవారి అవయవాలను రోగులకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో నమోదు గురించి కూడా అడిగి వచ్చాము. అమ్మ పరీక్ష వచ్చే మంగళవారం. అదృష్టవశాత్తు ఆ రోజు నాన్నగారికి డయాలసిస్ లేదు.