షుగరు ఉన్నవారికి సంతాన సమస్య: యాంటీఆక్సిడెంట్ మాత్రలు పనిచేస్తాయా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నాకు కొన్నేళ్లుగా టైప్-2 మధుమేహం ఉంది. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 9 దాటింది. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు కలగకపోవడంతో వీర్య పరీక్ష చేయించుకోగా, కణాల సంఖ్య సరిపోయినా కదలిక తక్కువగా ఉందని వచ్చింది. మందుల షాపులో కోఎంజైమ్ క్యూ10, ఎల్-కార్నిటిన్, జింకు కలిసిన యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడమన్నారు. వీటివల్ల ప్రయోజనం ఉంటుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: నమస్కారమండీ. రక్తంలో చక్కెర ఎక్కువకాలం అదుపు తప్పితే శరీరంలో ఫ్రీ రాడికల్స్ (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు) పెరుగుతాయి; వాటిని అణచే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు. వీర్యకణం పైపొరలో ఆ దాడికి తేలికగా లొంగే కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉండటం, తనను తాను కాపాడుకునే ఎంజైములు దానిలో చాలా తక్కువగా ఉండటం వల్ల మొదట కదలిక మందగిస్తుంది, లోపలి డీఎన్‌ఏ కూడా తెగిపోవచ్చు. డీఎన్‌ఏ దెబ్బతిన్న సంగతి మామూలు వీర్య పరీక్షలో కనిపించదు కాబట్టి, ఆ పరీక్ష విడిగా అవసరమా అని మీ ఆండ్రాలజిస్టును (మగవారి సంతాన సమస్యలు చూసే వైద్యుణ్ని) అడగండి. టెస్టోస్టెరాన్ తగ్గడం, అంగస్తంభన సమస్యలు కూడా షుగరు ఉన్నవారిలో ఎక్కువే.

జవాబు 2: మాత్రల విషయంలో తొందరపడవద్దని నా మనవి. షుగరు కల్పించిన ఎలుకల్లో యాంటీఆక్సిడెంట్లు మంచి ఫలితాలు చూపిన మాట నిజమే కానీ, మనుషులలో ఆ ఆశ అంతగా నిలబడలేదు. అమెరికాలో రెండు వేలకు పైగా దంపతులతో జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, మగవారికి జింకు, ఫోలిక్ ఆమ్లం ఇచ్చినా వీర్యం నాణ్యతగానీ, పిల్లలు పుట్టే అవకాశంగానీ మెరుగుపడలేదు. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో విటమిన్ సి, ఇ, సెలీనియం, ఎల్-కార్నిటిన్ వంటివి కలిపి ఇచ్చినా వీర్యకణాల తీరు మారలేదు. ఆ అధ్యయనాలు షుగరు ఉన్నవారికోసమే చేసినవి కావు, అయినా వేల రూపాయలు పోసేముందు ఆలోచించదగ్గవే. మీ డబ్బు, శ్రద్ధ ముందుగా హెచ్‌బీఏ1సీ తగ్గించడంపైనే పెట్టండి. కొత్త వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నుంచి మూడు నెలలు పడుతుంది గనుక, షుగరు అదుపులోకి వచ్చాక అంత వ్యవధి ఇచ్చి మళ్లీ పరీక్ష చేయించుకోండి.

జవాబు 3: పై ఇద్దరూ చెప్పనిది ఒకటుంది. నరాలు దెబ్బతిన్న షుగరు రోగుల్లో కొందరికి వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. స్ఖలనంలో వీర్యం బాగా తగ్గినట్లు అనిపిస్తే, ఆ తర్వాతి మూత్రాన్ని పరీక్షిస్తే తెలిసిపోతుంది. బలానికని ఎవరైనా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇస్తామంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి, అది వీర్యకణాల ఉత్పత్తినే ఆపేయగలదు.