రాజనీతిరపస్పశా: ఆ సకారం సంగతి

సుబేదారి:
‘...రాజనీతిరపస్పశా’. మాఘం, అంటే మాఘుడి ‘శిశుపాలవధ’ కావ్యం, రెండో సర్గ, ఉద్ధవుడి మాట. చివరి పాదం ఒక్కటే ఉంది, మిగతాది నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ‘అనుత్సూత్ర’ అని మొదలవుతుంది. ఎవరైనా పూరించండి. ఇదెందుకు పట్టుకుందంటే, ఇంగ్లిషు ‘స్పై’ మన ‘స్పశ’ (వేగులవాడు) నుంచే పోయిందని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకటే ఊదరగొడుతున్నారు. ప్రపంచ భాషలన్నీ మనవే అనే బాపతు ఫార్వర్డే గానీ, దీన్ని మాత్రం కొట్టిపారేయడానికి మనసొప్పట్లేదు. పలుకూ దగ్గరే, పనీ ఒకటే.

పరకాల పంతులు:
అనుత్సూత్రపదన్యాసా సద్వృత్తిః సన్నిబంధనా
శబ్దవిద్యేవ నో భాతి రాజనీతిరపస్పశా

అర్థం ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ‘అపస్పశా’ను ఎక్కడ విరుస్తారన్నదే ప్రాణం. రాజనీతి వైపు అప + స్పశా, వేగులవాళ్ళు లేనిది. శబ్దవిద్య, అంటే వ్యాకరణం వైపు అ + పస్పశా, పతంజలి మహాభాష్యంలో మొదటి ఆహ్నికమైన (అధ్యాయం లాంటిది) పస్పశ లేనిది. రెండూ రాణించవు.

మట్టెవాడ:
పంతులు గారు ‘న్యాస’ను దాటేశారు. అది జినేంద్రబుద్ధి రాసిన ‘న్యాసం’ అనే వ్యాకరణ వ్యాఖ్యానమా కాదా అన్నదాని మీదే కదా మాఘుడి కాలం గురించి అంత రగడ!

పరకాల పంతులు:
దాటేయలేదు. అడగలేదు కనుక చెప్పలేదు. నానపేక్షితముచ్యతే, అక్కర్లేనిది చెప్పను.

మెదక్ దారి:
ఆ మాట అన్నది మా మల్లినాథ సూరి. కొలిచెలిమ, అంటే ఇవాళ్టి కొల్చారం, మెదక్ దగ్గర. ఈ శ్లోకానికి ఆయన వ్యాఖ్య ‘సర్వంకష’ చూడకుండా మాట్లాడుకుంటే ఎట్లా? మాఘం చదివేవాళ్ళంతా మా ఊరి మనిషి కళ్ళతోనే చదువుతున్నారని కొంచెం గుర్తు పెట్టుకోండి.

నిట్ హాస్టల్:
సుబేదారి సార్, ‘నుంచి పోయింది’ కాదు. స్పై, స్పశ అన్నదమ్ముల పిల్లలు. ఇంగ్లిషువాళ్ళకి ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, పాత ఫ్రెంచిలో ‘ఎస్పియే’, 13వ శతాబ్దానికే ఇంగ్లిషులో ఉంది. ఫ్రెంచివాళ్ళకి అది ఫ్రాంకులు అనే జర్మానిక్ తెగ ఇచ్చింది, వాళ్ళ నోట ‘స్పెహోన్’ లాంటిది. లాటిన్‌లో ‘స్పెకెరె’, చూడటం. సంస్కృతంలో స్పశ్. పాత ఇరానీ గ్రంథం అవెస్తాలోనూ స్పస్ ఉంది. అందరికీ తాత ఒకడే, ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పింది ఇదే కదా.

కాజీపేట జంక్షన్:
అయితే ఇన్‌స్పెక్టర్, సస్పెక్ట్ కూడా ఇదే ఇంటివాళ్ళేనా తమ్ముడూ? పట్టుకునేవాడూ పట్టుబడేవాడూ చుట్టాలన్నమాట. మాకు తెలిసిన సంగతే.

నిట్ హాస్టల్:
అవునన్నా. సస్పెక్ట్ అంటే లాటిన్‌లో కింది నుంచి చూడటం, ఓరకంట. గ్రీకులు క, ప అటూ ఇటూ మార్చేసుకున్నారు, అందుకే వాళ్ళకి ‘స్కోప్’ అయింది. టెలిస్కోప్ అక్కడిదే. బిషప్ కూడా అక్కడివాడే, ‘ఎపిస్కోపోస్’, పైనుండి చూసుకునేవాడు.

పరకాల పంతులు:
ఇదంతా వినడానికి బాగుంది. పాణిని సంప్రదాయపు ధాతువుల పట్టిక, ధాతుపాఠం తీసి చూడండి. ‘స్పశ బాధనస్పర్శనయోః’. బాధించడం, తాకడం. చూడటం అన్న అర్థం ఏది? పాణిని సంప్రదాయానికి తెలియని అర్థం ఫ్రాంకులకి తెలిసిందా?

నిట్ హాస్టల్:
ధాతుపాఠం కంటే వేదం ముందుది కదా పంతులు గారూ. ఋగ్వేదంలో యమయమీ సంవాదంలో యముడు అన్నదేమిటి? ‘న తిష్ఠంతి న ని మిషంత్యేతే దేవానాం స్పశ ఇహ యే చరంతి’. ఇక్కడ తిరిగే దేవతల స్పశులు ఆగరు, రెప్ప వేయరు. రెప్ప వేయకపోవడం అన్నాక అది తాకే పని ఎలా అవుతుంది? కంటి పనే. వరుణుడి చుట్టూ కూర్చున్నదీ వీళ్ళే, ‘పరి స్పశో ని షేదిరే’.

పరకాల పంతులు:
వేదంలో ఉన్నది నాకు చెప్పక్కర్లేదు బాబూ. నేనడిగేది వేరు. స్పశ్‌కు చూడటమే అర్థమైతే ‘పశ్యతి’లో సకారం ఏమైంది? మనం స్పశ్యతి అనం. పశ్య అనేది దృశ్ ధాతువుకి ఆదేశం, అంటే దాని స్థానంలో వచ్చే రూపం. పాణిని అష్టాధ్యాయిలో సూత్రం ఉంది, 7.3.78. పశ్ అని వేరే ధాతువు లేదు.

నిట్ హాస్టల్:
సూత్రం రూపాన్ని సాధించే దారి చెప్తుంది, రూపం పుట్టుక చెప్పదు. దృశ్‌కి లట్టులో, అంటే వర్తమాన కాలంలో, రూపం లేక, పక్కింటి పశ్యను తెచ్చి కూర్చోబెట్టారు. ఆ పశ్యకు మొదట సకారం ఉండేది, జారిపోయింది. ఇలా సకారం ఉండీ లేకుండా ఉండే మాటలు బోలెడు. నమకం రోజూ చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, ‘స్తాయూనాం పతయే నమః’ అంటారు, దొంగల నాయకుడికి. ఋగ్వేదంలో సూర్యుణ్ణి చూసి నక్షత్రాలు దొంగల్లా జారుకుంటాయి, అక్కడ మాట ‘తాయవః’. స్తాయు, తాయు. దొంగ ఒకడే, సకారం ఒకచోట ఉంది, ఒకచోట లేదు.

మట్టెవాడ:
దొంగే సకారాన్ని కూడా ఎత్తుకుపోయాడు.

పరకాల పంతులు:
ఒక్క దొంగని సాక్ష్యం తెచ్చి కేసు గెలవాలని చూస్తున్నారు. సరే, నేనూ ఒకటి ఇస్తాను. 7.2.27. ‘వా దాంతశాంతపూర్ణదస్తస్పష్టచ్ఛన్నజ్ఞప్తాః’. ఇందులో ‘స్పష్ట’ ఎవరిది? స్పశ్ ధాతువుదే. మనం రోజూ ‘స్పష్టంగా చెప్పు’ అంటామే, ఆ స్పష్టం. మీ స్పైకి అది తోబుట్టువు. పక్కనే ‘ఛన్న’ ఉంది, అంటే కప్పబడినది. బట్టబయలైనదీ చాటున ఉన్నదీ ఒకే సూత్రంలో పక్కపక్కన.

నిట్ హాస్టల్:
పంతులు గారూ, ఇది నా వైపు సాక్ష్యం! స్పష్టం అంటే కంటికి బాగా కనిపించేది. తాకబడినది కాదు.

పరకాల పంతులు:
చేతికి అందినది అని కూడా చెప్పవచ్చు. తొందరపడకండి.

ఖిలా వరంగల్:
మీరిద్దరూ సంస్కృతంలో ఉండండి. మా దగ్గర ఎవరూ స్పశ అనరు, స్పై అని పిల్లలు ఆటల్లో అంటారు. పెద్దవాళ్ళ మాట ‘నిగ పెట్టుడు’. పత్రికల్లో నిఘా. ఫారసీ నిగాహ్, చూపు. చివరి హకారం వెనక్కి వచ్చి గకారం మీద ఎక్కి ఘ అయింది, అదొక్కటే తేడా. దాని చెల్లెలు నిగరాని. మా తాత సంఘంలో తిరిగే రోజుల్లో, అంటే 1940ల్లో, ‘జేరే నిగరానీ’ అని ఉర్దూలో రాసుకునేవాళ్ళట, కనిపెట్టి ఉండాల్సిన మనిషి అని. పోలీస్ పటేల్ మనిషి పొద్దున్నే వచ్చి మా వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుని బీడీ కాల్చేవాడు. ఎండ ముదిరితే మా అవ్వ చెంబుతో సల్ల ఇచ్చేది. తాగి, చెంబు బోర్లించి, మళ్ళీ కూర్చునేవాడు. తాత వెనక గోడ దూకి పోయేవాడు. ఇందులో రహస్యం ఏముంది? ఊరంతటికీ తెలుసు. అయినా అది నిగానే.

నిట్ హాస్టల్:
భాయ్, మీరు చెప్పింది అసలు తేడా. సర్వైలెన్స్ అంటే అదే. ఫ్రెంచిలో ‘సుర్’ అంటే మీద, ‘వెయ్యే’ అంటే మేలుకుని ఉండటం, దాని వెనక లాటిన్ ‘విగిలారె’. మన ఆఫీసుల్లో విజిలెన్స్ అంటామే, ఆ ఇల్లే. 1793లో ఫ్రెంచి విప్లవంలో ఊరూరా సర్వైలెన్స్ కమిటీలు పెట్టి, కొత్తగా వచ్చినవాళ్ళ మీద, అనుమానం ఉన్నవాళ్ళ మీద కన్నేసి ఉంచారు. ఆ తర్వాతే ఇంగ్లిషువాళ్ళు మాటను తెచ్చుకున్నారు. వేపచెట్టు కింద మనిషి స్పై కాదు, సర్వైలెన్స్. ‘నేను చూస్తున్నాను’ అని అవతలివాడికి తెలిస్తేనే దాని పని జరుగుతుంది. తెలిస్తే స్పై పని చెడిపోతుంది.

కాజీపేట జంక్షన్:
మా గల్లీలో ఇప్పుడు సీసీ కెమెరాలు. ఇదివరకు అరుగు మీద ముసలమ్మలు. కెమెరాకి కథ అల్లడం రాదు, అంతే తేడా.

మట్టెవాడ:
అచ్చ తెలుగు వదిలేశారు అందరూ. వేగు. వేగులవాడు. నా లెక్క ప్రకారం ఇది ‘వేగం’ నుంచి వచ్చింది. వేగంగా పరుగెత్తి వార్త తెచ్చేవాడు.

సుబేదారి:
తెల్లవారుజామున ‘వేగు’ అంటాం కదా, వేగుచుక్క. రాత్రంతా మేలుకుని వేగుదాకా కాపలా కాసేవాడు అని కాకూడదా? విగిలారెకీ దీనికీ ఎంత దగ్గరో చూడండి.

నిట్ హాస్టల్:
రెండూ కాదు సార్. అరవంలో ‘వేవు’, కన్నడంలో ‘బేహు’. బేహుగారికె అని కన్నడ పత్రికల్లో ఇప్పటికీ రాస్తారు. మూడు భాషల్లోనూ వేగుచూడటమే అర్థం. సంస్కృత వేగం అరువైతే కన్నడంలో అలా మారి కూర్చోదు. ఇది దక్షిణాది సొంత మాట.

మట్టెవాడ:
అరవం వేవు మన వేగు నుంచి పోయిందేమో! ఎప్పుడూ మనమే తెచ్చుకోవాలా?

బమ్మెర బిడ్డ:
ఇన్ని పోస్టులయినా ఒక్కరూ పోతనామాత్యుణ్ణి తలవలేదు. ‘ఇందుగలడందు లేడని సందేహము వలదు, చక్రి సర్వోపగతుండు, ఎందెందు వెదకి చూచిన’ అన్నప్పుడు అన్నిచోట్లా ఉండి చూసేవాడు ఎవరు? స్పశులకే స్పశుడు. మా ఊరి పొలంగట్టు మీద పుట్టిన పద్యం ముందు మాఘుడి శ్లేష ఏపాటిది?

మెదక్ దారి:
‘లేడని’ కాదు, ‘లేడను’.

బమ్మెర బిడ్డ:
మా తాతముత్తాతలు ‘లేడని’ అనే చెప్పారు.

మట్టెవాడ:
అక్కా, ఏ పాఠమైనా సరే, ఆ పద్యంలో దేవుడు చూసేవాడు కాదు, చూడబడేవాడు. వెదికి చూసేది మనం. మీకు కావలసింది నన్నయ. శకుంతల దుష్యంతుడికి చెప్పిన పద్యం. వేదములును పంచభూతములు ధర్మువు సంధ్యలు నంతరాత్మయున్... యముడు, చంద్రసూర్యులు, పగలు, రాత్రి, ఇన్ని చూస్తుండగా మనిషి ‘తన్ను మ్రుచ్చిలన్’ నేరుస్తాడా అని. ఆ ‘మ్రుచ్చిలన్’ ఉంది చూశారూ! మ్రుచ్చు అంటే దొంగ. తనను తాను దొంగిలించుకోవడం. సభలో అందరి ముందు నిలబడి, నిన్నూ నన్నూ చూసినవాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఏమీ తెలియనట్టు నటించకు అని మొగుడికి చెప్తోంది. మూలంలో ఈ దొంగ లేడు, ‘ధర్మశ్చ జానాతి నరస్య వృత్తం’ అని ఊరుకుంది ఆ శ్లోకం.

పరకాల పంతులు:
దొంగ లేడని ఎవరు చెప్పారు? కొద్దిగా ముందు శ్లోకాల్లో ‘చోరేణ ఆత్మాపహారిణా’ అని ఉంది. ఆత్మను అపహరించే చోరుడు. నన్నయ దాన్ని తెచ్చి ఇక్కడ కలిపాడు. అనువాదం అంటే అది.

బమ్మెర బిడ్డ:
నన్నయను మెచ్చుకోండి, కాదనను. కానీ పద్యం నోటికి రావాలంటే పోతన్నే. మీలో ఎంతమందికి నన్నయ పద్యం చూడకుండా వచ్చు?

మట్టెవాడ:
విమలయశోనిధీ పురుషవృత్త మెఱుంగుచు నుండు చూవె... చాలా, ఇంకా కావాలా?

సుబేదారి:
ఇదంతా బాగుంది గానీ, నా సకారం ఎక్కడికి పోయింది? స్పశ్, పశ్ ఒకటా, రెండా? పంతులు గారు ఒప్పుకున్నట్టా, లేనట్టా?

పరకాల పంతులు:
అమరం చూడండి. ‘యథార్హవర్ణః ప్రణిధిరపసర్పశ్చరః స్పశః’. చరుడు, అపసర్పుడు అంటే తిరిగేవాళ్ళు, పాకేవాళ్ళు. యథార్హవర్ణుడు అంటే సమయానికి తగ్గ వేషం వేసేవాడు. ఇన్ని మాటల్లో చూసేవాడు అన్నది ఒక్కటీ లేదు. స్పశుడు మాత్రం చూసేవాడు ఎందుకవ్వాలి? సందులో దూరి అవతలివాడి గుట్టును తాకేవాడు కావచ్చు. నేను కాదనడం లేదు, అవుననడమూ లేదు.

నిట్ హాస్టల్:
అంటే రెప్ప వేయనివాళ్ళ సంగతి?

పరకాల పంతులు:
దేవతలెవరూ రెప్ప వేయరు. అనిమిషులు. వాళ్ళ మనుషులూ వేయరు. దాన్నిబట్టి ధాత్వర్థం తేలదు.

మెదక్ దారి:
మల్లినాథుడు ఏమన్నాడో ఒకసారి చూస్తే...

ఖిలా వరంగల్:
సార్, ఆయన స్పశాః అంటే చారాః అని రాసి ముందుకు వెళ్ళిపోయి ఉంటాడు. మీరే ఆగిపోయారు.

కాజీపేట జంక్షన్:
నాదొక డౌటు. తెలుగులో ‘పసిగట్టడం’ అంటామే, ఆ ‘పసి’ ఈ పశ్యతి కాదుగదా? స పోయాక మిగిలింది పశ్, అది పసి.

మట్టెవాడ:
శభాష్! నేను అందామనుకుంటున్నా.

పరకాల పంతులు:
పసి అంటే వాసన. మృగం గాలిలో పసిగడుతుంది. అక్కడ ముక్కే తప్ప కన్ను లేదు.

నిట్ హాస్టల్:
ఇది మాత్రం పంతులు గారిదే నిజం.

మట్టెవాడ:
వాసన ఎందుకు పసి అయిందో చెప్పండి మరి. పసికందు, పసరం, పసుపు, అన్నిట్లోనూ పసే. దీనికి వేరే చర్చ తెరుస్తున్నాను, పంతులు గారు నిఘంటువులన్నీ పట్టుకుని అక్కడికి రండి.