చక్రానికి ఒక్క తాళపు నట్టు సరిపోతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా వీధిలో రాత్రి నిలిపి ఉంచిన ఒక కారుకు నాలుగు చక్రాలూ ఊడదీసి, బండిని ఇటుకల మీద కూర్చోబెట్టి వెళ్లిపోయారు. తెల్లవారి ఆ యజమాని పడిన బాధను కళ్లారా చూసినప్పటి నుంచి నా మనసంతా నా బండి మీదే ఉంది. ఈమధ్యనే ఎంతో ఇష్టపడి అల్లాయ్ చక్రాలు వేయించుకున్నాను. ఇంటి ఆవరణలో చోటు లేనందువల్ల నా కారు కూడా రాత్రంతా వీధిలోనే ఉంటుంది.

ప్రత్యేకమైన కీ ఉంటే తప్ప విప్పలేని వీల్ లాక్ నట్లను చక్రానికి ఒకటి చొప్పున బిగించుకోమని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. చక్రానికి ఐదు నట్లు ఉన్నప్పుడు వాటిలో ఒక్కదానికి తాళం వేసినంత మాత్రాన దొంగ ఆగుతాడా? దారి మధ్యలో పంక్చరై, ఆ సమయానికి కీ కనబడకపోతే నా పరిస్థితి ఏమిటి? కొనేటప్పుడూ బిగించేటప్పుడూ తెలియక చేసే పొరపాట్లు ఏమైనా ఉంటే, అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1

నేను చాలా ఏళ్లు చక్రాల పనిలో ఉన్నవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీ మొదటి సందేహానికి జవాబు: ఒక్కటి చాలు. నాలుగు నట్లు విప్పినా ఐదోది మిగిలి ఉంటే చక్రం హబ్బు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగం) నుంచి బయటికి రాదు. చక్రాల దొంగకు కావలసినవి వేగం, నిశ్శబ్దం. మామూలు నట్ల తల ఆరు పలకలుగా ఉంటుంది, వాటికి సరిపడే 17, 19, 21 మిల్లీమీటర్ల సాకెట్లు ప్రతి పనిముట్ల పెట్టెలోనూ దొరుకుతాయి. తాళపు నట్టు తల గుండ్రంగా ఉండి, దాని మీద వంకరటింకర గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడిలో సరిగ్గా ఇమిడే కీని ముందు నట్టుకు పెట్టి, ఆ తర్వాత కీకి పానా తగిలించి తిప్పాలి.

అయితే తాళపు నట్లన్నీ ఒక్క రకంగా పనిచేయవు. నాసిరకం నట్టు తల మీద కొంచెం చిన్న సాకెట్టును పెట్టి సుత్తితో దిగగొడితే అది పట్టుకుంటుంది, ఆపైన మామూలు నట్టు లాగానే తిరిగి వచ్చేస్తుంది. లోపల ఎడమవైపుకు మెలితిరిగిన గాళ్లున్న సాకెట్లు కూడా ఉంటాయి, అవి నట్టును తిప్పేకొద్దీ గట్టిగా కరుస్తాయి. ఈ పద్ధతులకు అడ్డుకట్టగా మంచి రకం నట్లను గట్టిపరచిన ఉక్కుతో చేసి, తల చుట్టూ వదులుగా తిరిగే ఒక పట్టీని అమరుస్తారు. దొంగ సాకెట్టు ఆ పట్టీని పట్టుకుంటే పట్టీ ఒక్కటే గిరగిరా తిరుగుతుంది, నట్టు మాత్రం కదలదు. కొనేటప్పుడు మీరు ముఖ్యంగా చూడవలసింది ఇదే.

దొంగతనం కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది. నట్టు చక్రాన్ని తాకే అడుగు భాగం మూడు ఆకారాల్లో ఉంటుంది: 60 డిగ్రీల శంకువు, బంతి లాంటి గుండ్రటి అంచు, వాషరుతో కూడిన చదునైన అడుగు. చక్రం రంధ్రంలోని గుంట ఏ ఆకారంలో ఉందో నట్టు అడుగు కూడా అదే ఆకారంలో ఉండాలి. హోండా కంపెనీ చక్రాలకు ఎక్కువగా బంతి అంచు నట్లు వస్తాయి, టయోటా కంపెనీ అల్లాయ్‌లలో చాలావాటికి వాషరున్న చదునైన నట్లు వస్తాయి, బయట కొనే అల్లాయ్ చక్రాలకు మాత్రం సాధారణంగా శంకువు నట్లు కావాలి. ఆకారం కలవకపోతే నట్టు గుంటలో పూర్తిగా కూర్చోకుండా సన్నని గీత మేర మాత్రమే ఆనుతుంది. బిగించినప్పుడు అంతా సవ్యంగానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, బండి నడిచేకొద్దీ నట్టు వదులై, చివరికి చక్రమే ఊడిపోయే ప్రమాదం ఉంది.

మర కొలత విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. టయోటా, హోండా కార్లలో ఎక్కువగా 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు (నట్టు ఎక్కే మర కడ్డీకి) 1.5 పిచ్ మర ఉంటుంది, అంటే ఒక్కో మర చుట్టుకూ మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు, సుజుకి, నిస్సాన్ కార్లలో చాలావాటికి అదే 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు 1.25 పిచ్ ఉంటుంది. ఒకదాని నట్టు మరొకదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది, అక్కడ బలవంతం చేస్తే స్టడ్డు మర పాడవుతుంది. కాబట్టి ఏ నట్టునైనా ముందు చేత్తోనే తిప్పి ఎక్కించాలి. నట్టు కనీసం స్టడ్డు వ్యాసమంత లోతున మరను పట్టుకోవాలన్నది మేము పాటించే లెక్క, అంటే 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు 1.5 పిచ్ ఉంటే 8 చుట్లు. చక్రాలను నట్లతో కాకుండా బోల్టులతో బిగించే కార్లు కూడా ఉన్నాయి, వాటికి తాళపు బోల్టు పొడవు పాతదాని పొడవుతో సరిపోయిందో లేదో చూసుకోవాలి.

సమాధానం 2

పై వివరాలకు నా అనుభవాన్ని జోడిస్తాను, ఎందుకంటే మీరు భయపడుతున్న పరిస్థితి నాకు నిజంగానే ఎదురైంది. టైర్లు మార్పించుకోవడానికి ఒక దుకాణానికి వెళ్లినప్పుడు, అక్కడి కుర్రవాడు తాళపు కీని ఇంపాక్ట్ గన్నుకు (దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే యంత్రానికి) తగిలించి ఒక్క ఊపున బిగించేశాడు. అప్పుడు నేను పట్టించుకోలేదు. కొన్ని నెలల తర్వాత రాత్రివేళ దారిలో పంక్చరైనప్పుడు కీని పెట్టి తిప్పితే దాని పళ్లు విరిగి నట్టు గాడిలోనే ఉండిపోయాయి. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది, అయినా చక్రం విప్పలేక బండిని మరో వాహనం మీద ఎక్కించి తీసుకువెళ్లవలసి వచ్చింది. ఆ నట్టును తీయడానికి మెకానిక్ చాలాసేపు కష్టపడ్డాడు, చక్రం మీద గీతలు కూడా పడ్డాయి.

కీ పళ్లు సన్నగా ఉంటాయి, గన్ను కొట్టే దెబ్బలను అవి తట్టుకోలేవు. అందువల్ల తాళపు నట్టును విప్పడమైనా బిగించడమైనా చేతి పానాతోనే జరగాలని బండి అప్పగించే ముందే స్పష్టంగా చెప్పండి. విప్పేటప్పుడు తాళపు నట్టును ముందుగా, బిగించేటప్పుడు చివరగా తీసుకుంటే కీ మీద భారం తగ్గుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కీ మీ చేతికి వచ్చిందో లేదో చూసుకోండి, చాలా కీలు దుకాణాల్లోని పానాలకే తగులుకుని ఉండిపోతాయి.

కీని స్టెప్నీ దగ్గర జాకీతో పాటు ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. కొన్ని తాళాలతో పాటు కీ సంఖ్య ముద్రించిన చీటీ ఇస్తారు, ఆ సంఖ్య చెబితే తయారీదారు నుంచి మరో కీ తెప్పించుకోవచ్చు. ఆ చీటీని మాత్రం బండిలో కాకుండా ఇంట్లో భద్రపరచండి.

సమాధానం 3

తాళం దొంగకు ఆలస్యం కలిగిస్తుందే తప్ప అసాధ్యం చేయదు కాబట్టి, దానితో పాటు మరికొన్ని జాగ్రత్తలు తీసుకోవడం మంచిది. బండిని వెలుతురున్న చోట, ఒక పక్క చక్రాలకు మనిషి చేయి సులువుగా అందనంతగా గోడకు దగ్గరగా నిలపండి. స్టీరింగును ఒకవైపుకు తిప్పి వదిలితే ముందు చక్రాలను లాగడం కష్టమవుతుంది. బండిని జాకీతో ఎత్తగానే ఒరుగుదలను పసిగట్టి మోగే అలారాలు కూడా ఉన్నాయి. వెనుక తలుపుకు బయట స్టెప్నీ వేలాడే బండ్లవారు దానికి కూడా ఒక తాళపు నట్టు బిగించుకోవాలి. చాలామంది నాలుగు చక్రాల గురించే ఆలోచించి ఐదోదాన్ని మరిచిపోతున్నారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మొదటి సమాధానం చదివిన వెంటనే వెళ్లి, ఇప్పుడున్న నట్లలో ఒకదాన్ని విప్పి చూశాను. దాని అడుగు బంతిలా గుండ్రంగా ఉంది, కొత్త అల్లాయ్ రంధ్రం మాత్రం గరాటులా తిన్నగా వాలి ఉంది. చక్రాలు వేసినచోట పాత నట్లనే మళ్లీ వాడినట్టున్నారు. ఇలాగే ఇప్పటికి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాను. తాళపు నట్లు నాలుగు శంకువు రకంవి కొని, మిగిలినవాటిని అలాగే ఉంచవచ్చా?

సమాధానం 1 రాసినవారు

వద్దు, దయచేసి అలా చేయకండి. నాలుగు తాళపు నట్లతో పాటు మిగిలిన 16 నట్లు కూడా శంకువు రకంవే తీసుకోండి, అవి వచ్చేదాకా బండిని బయటికి తీయకండి. పాతవి విప్పినప్పుడు ప్రతి రంధ్రం గుంటనూ వెలుతురులో పరిశీలించండి. అంచు నలిగి ఉన్నా, రంధ్రం కోలగా మారి ఉన్నా, ఆ చక్రాన్ని అనుభవజ్ఞుడైన మెకానిక్ చూసేవరకు వాడకండి.

కొత్తవి బిగించేటప్పుడు మరలకు నూనె గానీ గ్రీజు గానీ రాయవద్దు. రాస్తే టార్క్ రెంచి (తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచే పానా) చూపే అంకె సరైనదిగానే ఉన్నా, స్టడ్డు మీద అంతకు మించిన లాగుడు పడుతుంది. నట్లను వరుసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి, నక్షత్రం గీసినట్టుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. కార్లకు ఈ టార్క్ ఎక్కువగా 80 నుంచి 140 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికి ఎంతో దాని పుస్తకంలో చూసి అంతే పెట్టండి. తాళపు నట్టుకూ అదే టార్క్ వర్తిస్తుంది, దొంగకు రాకూడదని అదనంగా బిగిస్తే రేపు మీ కీయే విరుగుతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపిన తర్వాత 20 నట్లనూ టార్క్ రెంచితో మరోసారి సరిచూసి, ఏ ఒక్కటైనా వదులై ఉంటే ఇక్కడ రాయండి, కారణం వెతుకుదాం.