ఫోర్క్ బూట్లు ఉంచాలా, పీకేయాలా? ఆయిల్ సీలు విషయంలో అసలు దొంగ ఎవరు?

సింగ్‌నగర్ కుర్రోడు:

ఒక పంచాయితీ తీర్చండి. మా బావది డ్యూయల్ స్పోర్ట్ బండి, అంటే రోడ్డు మీదా మట్టిదారిలోనూ తిరిగేది. ముందు 21 అంగుళాల చక్రం, దాన్ని రెండు పక్కలా పట్టుకునే పాత పద్ధతి ఫోర్కులు (లోపల ఆయిల్ ఉండే ముందు షాకులు), వాటి రాడ్లకు నల్ల రబ్బరు బూట్లు, అంటే ముడతల తొడుగులు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు ఆ బండి నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. నీళ్లు తీశాక అందరూ చేసిన పనే మేమూ చేశాం. ఇంజిన్ ఆయిల్ రెండుసార్లు మార్చాం, ట్యాంకు దించి కడిగాం, ఎయిర్ ఫిల్టర్ పారేశాం, బ్రేకులు విప్పి తుడిచాం. బండి స్టార్టయింది, కొబ్బరికాయ కొట్టాం. ఫోర్కుల వంక మాత్రం ఎవరూ చూడలేదు. బూట్లు తొడుక్కుని బుద్ధిగా నిలబడ్డాయి కదా, వాటికేమవుతుందిలే అనుకున్నాం.

సంక్రాంతి వెళ్లాక కుడి బూటు కింద జిడ్డు మొదలైంది. వారం తిరిగేసరికి బ్రేక్ క్యాలిపర్ మీద చుక్కలు. క్లిప్పు వదులు చేసి బూటు పైకి లాగితే, కుండ అడుగున పేరుకున్నట్టు లోపలంతా ఒండ్రు. ఎండి పెచ్చు కట్టేసింది. దాన్ని చెక్కపుల్లతో గీకి తీస్తే రాడ్డు చుట్టూ చిటికెనవేలంత వెడల్పున తుప్పు పట్టీ. గోరుతో పైకీ కిందికీ గీస్తే టక్కు టక్కుమని తగులుతోంది. ఫోర్కులోని ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు ఊడదీసి చూస్తే లోపలి అంచు రెండు చోట్ల చీలి ఉంది.

నా వాదన ఏమిటంటే, ఆ బూట్లు లేకపోతే మొదటి రోజే బురద కంటికి కనపడేది, గుడ్డ పెట్టి తుడిచేవాళ్లం. బురదను బూట్లో దాచుకుని తిరగడమంటే పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమే. అందుకే నా బండికున్న బూట్లు కూడా పీకేశాను. బావ మాత్రం పట్టుబట్టి కొత్త బూట్లు కొన్నాడు. ఎవరిది రైటు?

రేగడి రైడర్, గుంటూరు:

బావదే రైటు. వరద ఏటా రాదు అన్నా, దుమ్ము రోజూ వస్తుంది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

నేను తిరిగేది పెదనందిపాడు వైపు పొలాల్లో. నల్లరేగడి సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తడిగా ఉన్నప్పుడు టైరుకు పట్టిన మట్టి మడ్‌గార్డుకు, అక్కణ్నుంచి ఫోర్కులకు అంటుకుంటుంది. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిని వచ్చి చూస్తే గట్టిపడిపోయి ఉంటుంది. మర్నాడు పొద్దున మొదటి గుంతలో ఫోర్కు దిగగానే ఆ పెచ్చంతా నేరుగా డస్ట్ సీలు మీదకు పోతుంది. ఆకురాయితో రాసినట్టే. బూట్లు లేకుండా ఈ నేల మీద ఒక్క వానాకాలం తిరిగి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

అయినా 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 వచ్చినప్పుడు కంపెనీయే బూట్లు తొడిగి పంపింది కదా. ఊరికే ఇస్తారా?

సింగ్‌నగర్ కుర్రోడు:

మరి అదే కంపెనీ 2023 చివర్లో తెచ్చిన 450కి ఆ బూట్లు లేవేం?

మంగళగిరి మాస్టారు:

450కి 43 ఎంఎం యూఎస్‌డీ ఫోర్కులు పెట్టారు బాబూ. అంటే తలకిందుల ఫోర్కులు. వాటిని చూపించి బూట్లు మంచివా చెడ్డవా అని తేల్చలేం. రెండింట్లో సీలు ఉండే చోటే వేరు.

పాత పద్ధతి ఫోర్కులో మెరిసే రాడ్డు పైన, లావుపాటి గొట్టం కింద ఉంటాయి. సీలు ఆ గొట్టం మూతి దగ్గర ఉంటుంది, ఆ మూతి ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది. పైన డస్ట్ సీలు, దాని కింద ఆయిల్ సీలు. డస్ట్ సీలు పైభాగం చిన్న గిన్నె లాంటిది. వాన నీళ్లు, ఇసుక, బూడిద ఏది పడినా అక్కడే నిలబడుతుంది. ఫోర్కు దిగినప్పుడల్లా రాడ్డు ఆ గిన్నెలోంచే లోపలికి వెళ్లాలి. యూఎస్‌డీలో మూతి నేల వైపు ఉంటుంది కాబట్టి ఏదీ నిలవదు. కానీ మెరిసే రాడ్డు చక్రం పక్కకు వచ్చేస్తుంది, రాళ్లు నేరుగా తగులుతాయి. అందుకే దానికి ముందువైపు ప్లాస్టిక్ గార్డులు పెడతారు. పైగా దాంట్లో సీలు పోతే ఆయిల్ మొత్తం కిందికే కదా, పాతదానికంటే తొందరగా ఖాళీ అవుతుంది.

ఇక బూటు. ఫోర్కు దిగితే బూటు ముడుచుకుంటుంది, లోపలి గాలి బయటికి పోవాలి. ఫోర్కు లేస్తే బూటు సాగుతుంది, గాలి లోపలికి రావాలి. అంటే బూటు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. అందుకే చాలా బూట్లకు చిన్న చిల్లులుంటాయి. ఆ చిల్లులు చక్రం జల్లే బురదకు ఎదురుగా ఉన్నాయనుకోండి, ప్రతి గుంతకూ కాస్త బురద నీళ్లు లోపలికి లాక్కుంటాయి. అవి వెనక్కి, కిందికి తిరిగి ఉండాలి. మీ బావగారి బండికి ఎటు ఉన్నాయో చూశారా?

సింగ్‌నగర్ కుర్రోడు:

చూడలేదు మాస్టారూ. పాతవి చెత్తబండిలో వేసేశాం. కానీ నాలుగు రోజులు మునిగితే చిల్లులు ఎటుంటే ఏముంది?

మంగళగిరి మాస్టారు:

అదీ నిజమే. మునిగిన బండికి ఏ బూటూ అడ్డం కాదు. అందుకే మీ కేసులో నేను బూట్లను తప్పుపట్టను, విప్పి చూడని మిమ్మల్నే తప్పుపడతాను. ఏమీ అనుకోకండి.

ఆటోనగర్ బాబాయ్:

పొద్దున్నుంచీ చదువుతున్నాను. బూట్లు ఉన్నాయా లేవా అని కొట్టుకుంటున్నారు గానీ, నా షెడ్డుకొచ్చే బండ్లలో సీళ్లు పోవడానికి ఎక్కువసార్లు కనిపించే కారణం వేరు. వాటర్ సర్వీసింగ్. ముందు బండి మొత్తానికి డీజిల్ కొడతారు. ఆ తర్వాత గన్ను తీసుకెళ్లి సరిగ్గా ఫోర్కు మూతి దగ్గర జానెడు దూరంలో పెట్టి వదులుతారు. డస్ట్ సీలు ఉన్నది పైనుంచి పడే దుమ్మును తుడవడానికి తమ్ముడూ, ఆ ప్రెషర్ నీళ్లకు అది తట్టుకోలేదు. నీళ్లతో పాటు సన్నటి ఇసుక రెండు సీళ్ల మధ్యకు దిగిపోతుంది. ఇంక అక్కణ్నుంచి బయటికి రాదు. డీజిల్ జిడ్డు మిగిలితే దానికి దుమ్ము ఇంకా బాగా పడుతుంది. నాసిరకం రబ్బరు బూట్లయితే ఆ డీజిల్‌కు ఉబ్బి, మెత్తబడి, క్లిప్పు దగ్గర జారిపోతాయి. కడిగించుకోండి, వద్దనను. ఫోర్కుల దగ్గర మాత్రం మగ్గుతో నీళ్లు, గుడ్డ, అంతే.

రెండోది రాడ్డు. సీలు మార్చిన నెలకే మళ్లీ కారితే సీలును తిట్టకండి, రాడ్డు చూడండి. గోరుకు తగిలే గీత ఉంటే కొత్త సీలు కూడా వారమే. గోరుకు దొరకనిది దూదికి దొరుకుతుంది. పొడి దూది రాడ్డు మీద మెల్లగా జరిపితే ఎక్కడ గరుకు ఉందో అక్కడ పీచు పట్టుకుంటుంది. చిన్న గరుకైతే 1200 నంబరు వాటర్ పేపరుకు (సన్నటి ఉప్పుకాగితం) ఆయిల్ రాసి, ఆ మొన మాత్రం పోయేలా అడ్డంగా, రాడ్డు చుట్టూ తిప్పుతూ రుద్దాలి. నిలువుగా రుద్దారో, మీరే ఆయిల్‌కు కాలవ తవ్వినట్టు. తుప్పు గుంట పడితే పేపరుతో పని కాదు, హార్డ్ క్రోమ్ పూత వేయించాలి లేదా రాడ్డు మార్చాలి. సింగ్‌నగర్ తమ్ముడూ, గోరుకు టక్కుమన్నది అన్నావు. ఆ రాడ్డు మార్చారా, దానికే కొత్త సీలు వేశారా?

సింగ్‌నగర్ కుర్రోడు:

దానికే వేశారు బాబాయ్. షాపువాడు "పర్లేదు, సెట్టవుతుంది" అన్నాడు.

ఆటోనగర్ బాబాయ్:

సెట్టవదు. రాసి పెట్టుకో.

మూడోది బిగింపు. సీలు వేసేటప్పుడు రాడ్డు చివర పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీద గ్రీజు రాసి సీలు దించాలి. లేకపోతే రాడ్డు అంచే సీలు పెదవిని, అంటే లోపలి అంచును, కోస్తుంది. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో ఒక పక్క కొడితే సీలు వంకర దిగుతుంది. సరైన సైజు పీవీసీ పైపు ముక్క పెట్టి చుట్టూ సమంగా కొట్టాలి. ఆయిల్ కూడా కంపెనీ చెప్పినంతే. "ఇంకాస్త పోస్తే గట్టిగా ఉంటుంది" అని పోయించుకునేవాళ్లున్నారు. ఆయిల్ పెరిగితే లోపల గాలికి చోటు తగ్గుతుంది, ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు ఆ ప్రెషరంతా సీలు మీదే పడుతుంది.

చక్రం ఎక్కించాక ఇరుసు బిగించి, ఇరుసును పట్టే కింది బోల్టు వదులుగానే ఉంచి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదలాలి. ఫోర్కు రెండు కాళ్లూ వాటి దారిలో అవి సర్దుకున్నాకే ఆ బోల్టు బిగించాలి. ఈ పని చేసేవాళ్లు తక్కువ. కాళ్లు ఒకదాన్నొకటి లాగుతుంటే రాడ్డు ఊగకుండా పట్టే బుష్షులు అరుగుతాయి, రాడ్డు పక్కకు ఊగుతుంది, సీలు ఒకవైపే తింటుంది.

రేగడి రైడర్, గుంటూరు:

బాబాయ్ చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ రాడ్డు మీద గీత పడకుండా కాపాడేది ఏమిటి? బూటే కదా!

సింగ్‌నగర్ కుర్రోడు:

నేను ఆదివారాలు వెళ్లేది కొండపల్లి వైపు. ఇబ్రహీంపట్నం దాటేదాకా థర్మల్ స్టేషన్ బూడిద లారీల వెనకే. ఆ బూడిద పౌడరు కన్నా సన్నం. బూటు చిల్లులోంచి రాదంటారా? లోపలికి వచ్చింది మళ్లీ బయటికి పోతుందా? నాకిప్పుడు ఇంటికి రాగానే తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి రాడ్డు తుడవడం రెండు నిమిషాల పని. మీరు మీ బూట్లు చివరిసారి ఎప్పుడు ఎత్తి చూశారు?

రేగడి రైడర్, గుంటూరు:

అవసరం రాలేదు.

సింగ్‌నగర్ కుర్రోడు:

మా బావ కూడా ఇదే మాట అనేవాడు 🙂

కొత్తబండి:

మధ్యలో వస్తున్నందుకు సారీ అండి. నిన్ననే చూశాను, నా బండి ఎడమ రాడ్డు మీద సన్నటి ఆయిల్ ఉంగరం కనిపిస్తోంది. కారడం లేదు. టెన్షన్‌గా ఉంది. వెంటనే సీలు మార్చాలా? వచ్చే వారం లంబసింగి ప్లాన్ ఉంది. ఎత్తుకు వెళ్తే ఫోర్కులో గాలి తీయాలని ఒకరన్నారు, అందువల్ల కూడా సీళ్లు పోతాయా?

మంగళగిరి మాస్టారు:

లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ బయటి గాలి ఒత్తిడి మన దగ్గరికన్నా పదో వంతు తగ్గుతుంది. దానికి సీలు పోదు. లద్దాఖ్ వెళ్లి 5,000 మీటర్లు దాటితే బయటి ఒత్తిడి దాదాపు సగానికి పడిపోతుంది, అప్పుడు ఫోర్కులో బంధించిన గాలి సీలును కాస్త గట్టిగానే నెడుతుంది. గాలి తీసే స్క్రూలున్న ఫోర్కులైతే అక్కడ ముందు చక్రం గాల్లోకి లేపి ఒకసారి వదిలేస్తే చాలు. మీరు లంబసింగిలో చలికి స్వెట్టర్ సంగతి చూసుకోండి.

రేగడి రైడర్, గుంటూరు:

కొత్తబండి గారూ, సీలు పోయిందని అప్పుడే అనుకోకండి. చాలాసార్లు పెదవి కింద ఒక ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, ఇలాగే కారుతుంది. ఇంట్లో పాత ఎక్స్‌రే ఉంటుంది కదా. నేను మా అమ్మ మోకాలి ఎక్స్‌రే వాడాను. వేలంత వెడల్పు, జానెడు పొడవు ముక్క కత్తిరించి, చివర ఒక పక్క చిన్న కొక్కెంలా కోయాలి. కత్తిరించిన అంచులు వాటర్ పేపరుతో నున్నగా చేయాలి, లేకపోతే అదే సీలును గీరుతుంది. ముందు రాడ్డు శుభ్రంగా తుడిచి, డస్ట్ సీలును సన్నటి స్క్రూడ్రైవర్‌తో రాడ్డుకు తగలకుండా మెల్లగా పైకి లేపాలి. దాని కింద పేరుకున్న మట్టి కూడా తుడిచాకే, ఫిల్ముకు ఫోర్క్ ఆయిల్ రాసి ఆయిల్ సీలుకూ రాడ్డుకూ మధ్య మెల్లగా దించాలి. రాడ్డు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కొక్కెం లోపలి మట్టిని లాక్కొచ్చేలా పైకి తీయాలి. నాకు మొదటిసారి నల్లటి గీత, రెండోసారి ఒక్క మెరిసే రేణువు వచ్చాయి. తుడిచి, ముందు బ్రేకు పట్టుకుని పదిసార్లు నొక్కి, తెల్ల కాగితం చుట్టి చూశాను. మరక పడలేదు. ఆ సీలు తర్వాత ఏడాదిన్నర నడిచింది.

ఆటోనగర్ బాబాయ్:

పెదవి చీలకపోతేనే ఇది పనిచేస్తుంది. ఎక్స్‌రే పెట్టాక కూడా ఉంగరం వస్తే లంబసింగి వద్దు, ముందు సీళ్లు. ఒక పక్కది పోయినా రెండు వైపులా మార్చు. డిస్కు ఉన్న వైపు కారి ప్యాడ్లకు ఆయిల్ పట్టిందా, ప్యాడ్లు కూడా కొత్తవే. పెట్రోలుతో కడిగి కాల్చి మళ్లీ వేసేవాళ్లున్నారు. ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది.

కొత్తబండి:

ఎక్స్‌రే పెట్టాను. మట్టి వచ్చింది. సాయంత్రానికి ఉంగరం లేదు. థాంక్యూ అండి, అమ్మగారి మోకాలికి కూడా.

రేగడి రైడర్, గుంటూరు:

రెండు రోజులుగా సింగ్‌నగర్ అన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇవాళ పొద్దున బూట్లు ఎత్తాను. దాదాపు మూడేళ్ల తర్వాత.

ఎడమ వైపు అద్దంలా ఉంది, వేలికి దుమ్ము కూడా అంటలేదు. కుడివైపు కింది క్లిప్పు ఎప్పుడో జారిపోయింది, బూటు అంచు ఒకచోట ముడత పడి నోరు తెరుచుకుని ఉంది. డస్ట్ సీలు మీద సగం చుట్టూ రేగడి. గట్టిగా, నల్లగా, ఉంగరంలా. కింద రాడ్డు మీద తుప్పు లేదు గానీ మసకబారింది. దూది పెట్టి చూశాను, ఒకచోట పీచు పట్టుకుంది. ఫొటో పెట్టాను.

బూట్లు తీయను. ఎడమ రాడ్డు చూశాక ఎలా తీస్తాను? క్లిప్పుల బదులు రెండు వైపులా జిప్ టైలు బిగించాను, చిల్లులు వెనక్కి తిప్పాను. నెలకోసారి టై కోసి చూడాలి, వంద టైల ప్యాకెట్ ఒకటి కొన్నాను.

సింగ్‌నగర్ కుర్రోడు:

ఫొటో బావకు పంపాను. వాళ్ల బండి మళ్లీ కారుతోందట బాబాయ్, అదే కుడివైపు. రాడ్డు తీసుకుని రేపు ఆటోనగర్ వస్తున్నాం.

ఆటోనగర్ బాబాయ్:

పదింటికి రండి. రెండు రాడ్లూ తెండి. వంపు ఉందేమో అద్దం మీద దొర్లించి చూస్తాను.