చేన్లో దొరికిన కుండ పెంకులు ఏ కాలంవో ఎట్ల తెలుసుకోవాల?

మాది కళ్యాణదుర్గం సైడు, అనంతపురం జిల్లా. గుట్ట కింద మా మామ చేను ట్రాక్టర్‌తో దున్నితే గంపెడు పెంకులు పైకొచ్చినాయి. ఇంట్లో అందరూ పారేయ్ అంటాండారు గానీ నాకు మనసొప్పలే, ఎందుకంటే కొన్ని లోపల నల్లగా బయట ఎర్రగా నున్నగా మెరుస్తాండాయి, ఇంకొన్నేమో బూడిద రంగులో మందంగా, కుమ్మరి సారె గీతలు లేకుండా చేత్తో చేసినట్టు ఉండాయి. నాకు తెలిసినంతలో నలుపు-ఎరుపు రకం ఎక్కువగా ఇనుప యుగం రాతి సమాధుల కాలంది, చేత్తో చేసిన బూడిద రంగువి ఇంకా పాతవి, మన సైడు పాలవాయి ఊర్లో ఉండే బూడిద దిబ్బ (అప్పటోళ్లు కాల్చిన పశువుల పేడ బూడిద గుట్ట) లాగా కొత్త రాతియుగం నాటివి. మరి రెండూ ఒకే చేన్లో ఎట్ల? తరతరాలుగా అక్కడే ఊరు ఉన్నట్టా, లేక దున్నిదున్ని పొరలు కలిసిపోయినాయా?

ఒక పెంకుకి వరసగా చిల్లులు, మా అవ్వ చూడగానే జల్లెడ కుండ అనేసింది (ఆమెకి డౌట్లే ఉండవు). ఇంకోదానికి బయట మసి. కుండ గోడలో ఇంకిన కొవ్వుని ల్యాబ్‌లో చూస్తే పాలు కాచినారా మాంసం వండినారా కూడా తెలుస్తాదంట కదా, అందుకే కడగలే, అట్లే పేపర్లో చుట్టి పెట్టినా. కరెక్టేనా? మూతి ముక్క వంపును బట్టి కుండ సైజు లెక్కేస్తారంట, అది ఇంట్లో చేయొచ్చా?

ఇంకోటి, వీటిని ఎవరికి చూపియ్యాల? చేను లాక్కుంటారేమో అని మామ భయం, తెలిసిన అన్నలు ఎవరన్నా చెప్పండి ప్లీజ్.