రొయ్యల ఎగుమతి కంపెనీకి పవర్ బీఐ అవసరమా? ఎక్సెల్ చాలదా?

సోమవారం నివేదిక

విశాఖలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ ఖాతాల విభాగంలో పని చేస్తున్నాను. ఆఫీసు ద్వారకానగర్‌లో ఉంది, ప్లాంటు ఊరి బయట. ప్రతి సోమవారం ఉదయం యజమాని గారి సమావేశం ఉంటుంది. దానికోసం కొనుగోలు వారి ఎక్సెల్ ఫైలు, ప్లాంటు వారి ఫైలు, ఖాతాల ప్రోగ్రాము ట్యాలీలోంచి తీసిన అమ్మకాలు కలిపి నివేదిక తయారు చేయడం నా పని. రెండేళ్లుగా నాకు ఆదివారం అన్నది లేదు. మా అబ్బాయి పుట్టినరోజు నాడు కూడా ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నాను.

వేర్వేరు ఫైళ్ల అంకెలను కలిపి తెర మీద పటాలుగా చూపే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాము పవర్ బీఐని 40 మందికి తీసుకుందామని ప్రతిపాదన పెట్టాను. మా ఫైనాన్స్ మేనేజర్ గారు, "ఎక్సెల్ ఉండగా ఇంకొకటి ఎందుకమ్మా?" అన్నారు. కొనాలనే నా అభిప్రాయం. వాడినవారు, వాడి మానేసినవారు మీ అనుభవం చెప్పండి.

పాత లెడ్జర్

అమ్మా, మీ మేనేజర్ గారి మాటే నాదీ. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో లెక్కలు రాశాను. నివేదికలు పంచుకోవడానికి కట్టే చందా, పవర్ బీఐ ప్రో ధర 2025 ఏప్రిల్‌లో మనిషికి నెలకు 10 డాలర్ల నుంచి 14కు పెరిగింది. 40 మందికి ఏడాదికి 6,720 డాలర్లు. ఆ డబ్బుతో ప్లాంటులో ఇంకొక గుమాస్తాను పెట్టుకోవచ్చు. పైగా మీరు ఆదివారం చేసే పనిలో సగం పవర్ క్వెరీ చేసిపెడుతుంది. 2016 నుంచి అది ఎక్సెల్‌లోనే ఉంది. ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో వేసి ఒక్క నొక్కు నొక్కితే కలిసిపోతాయి. ముందు అది నేర్చుకున్నారా?

ఇంకొక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను పని చేసిన గిడ్డంగి రేకులు లేచిపోయాయి. కంప్యూటర్లన్నీ తడిసిపోయాయి. బీమా వారికి సరుకు లెక్క ఎలా చూపించామో తెలుసా? గేటు దగ్గర కాపలాదారు చేత్తో రాసిన పుస్తకంతో. వాన నీటికి సిరా అలుక్కుపోయినా అంకెలు చదవగలిగాం. తెర మీద ఎంత అందమైన బొమ్మ గీసినా దాని కింద చీటీ లేకపోతే అది లెక్క కాదు.

దువ్వాడ డేటా

పెద్దవారి అనుభవానికి నమస్కారం. కానీ ఎక్సెల్‌ను అంతగా నమ్మవద్దు. 2020లో ఇంగ్లండులో కోవిడ్ కేసుల లెక్క పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో పెట్టారు. ఆ షీటులో 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి కత్తిరించుకుపోయి దాదాపు 16,000 కేసులు లెక్కలోకి రాలేదు, వారితో దగ్గరగా మెలిగినవారికి హెచ్చరికలు ఆలస్యమయ్యాయి. ఇప్పటి ఎక్సెల్‌లో 10,48,576 వరుసలు పడతాయి, నిజమే. అయితే జబ్బు వరుసల్లో లేదు. ఒక ఫైలు పదిమంది దగ్గర పది రూపాల్లో తిరుగుతుంది. ఎవరు ఏ గడి మార్చారో ఎవరికీ తెలియదు.

మీరు చెప్పిన చీటీ సంగతే తీసుకోండి. పవర్ బీఐలో నెల మొత్తం మీద నొక్కితే రోజు, రోజు మీద నొక్కితే ఆ లారీ వరుస కనిపించేలా కట్టవచ్చు. ఆ వరుసలో చీటీ నంబరు రాయించడం మన చేతిలో పని.

ఖర్చు మాటకొస్తే, డెస్క్‌టాప్ ప్రోగ్రాము ఉచితం. పంచుకోవడానికే డబ్బు. మూడు నెలలు మీరొక్కరే నివేదిక తయారు చేసి, పీడీఎఫ్ తీసి సమావేశంలో పెట్టండి. ఒక్క జాగ్రత్త: వెబ్‌లో ప్రచురించే మీట ఒకటి ఉంది. దాన్ని నొక్కితే లింకు ఉన్న ఎవరైనా మీ ధరలు చూడగలరు. దాని జోలికి వెళ్లకండి. తరువాత ప్రో తీసుకుంటే, ఆఫీసులోని ట్యాలీ నుంచి అంకెలు తమంతట తాము వెళ్లడానికి ఒక కంప్యూటరులో గేట్‌వే అనే ప్రోగ్రాము పెట్టాలి. ఆ కంప్యూటరు రాత్రింబవళ్లు వెలుగుతూ ఉండాలి. రోజుకు 8 సార్లే తాజా అవుతుంది. నిమిష నిమిషానికీ మారుతుందని యజమాని గారికి మాట ఇవ్వవద్దు.

పాత లెడ్జర్

సరే, ఒక ప్రశ్న. అమ్మా, పోయిన నెలలో ఏదో ఒక లారీ తీసుకుని, తల తీశాక దిగుబడి ఎంత అని కొనుగోలు వారినీ ప్లాంటు వారినీ విడివిడిగా అడగండి.

సోమవారం నివేదిక

అడిగాను. భీమవరం వైపు నుంచి వచ్చిన లారీ. కొనుగోలు వారు 63.4 శాతం అన్నారు, ప్లాంటు వారు 65 అన్నారు. ఎవరో తప్పు రాశారని చీటీలు తెప్పించాను. ఇద్దరిదీ సరైన లెక్కే. చెరువు గట్టు మీద తూచింది 5,000 కిలోలు. ప్లాంటులో మంచు తీసి, నీరు దిగాక తూచితే 4,880. తల తీసిన సరుకు 3,172. ఒకరు గట్టు తూకంతో భాగించారు, ఒకరు ప్లాంటు తూకంతో. రెండేళ్లుగా ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి సమావేశంలో గొడవ పడుతున్నాం. చీటీలు చేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

పాత లెడ్జర్

నా భయం ఇదే. ఇప్పుడే పవర్ బీఐ కొంటే ఈ గొడవ రంగుల్లో కనిపించేది, అంతే.

దువ్వాడ డేటా

నేను అక్కడే విభేదిస్తాను. రెండేళ్లుగా దాగింది ఎందుకు? ఫార్ములా ఎవరి ఫైలులో వారిదే కాబట్టి. ఒకే చోట కట్టాలంటే మొదటి రోజే "దేనితో భాగించాలి?" అని అడగక తప్పదు.

తల తీసే బల్ల

నేను ప్లాంట్లలో నాణ్యత విభాగంలో పదకొండేళ్లు చేశాను. మీరిద్దరూ అడగని సంగతి ఒకటి ఉంది. మా దగ్గర ఇలాంటి తెర పెట్టిన వారంలోనే ఏ బల్ల దిగుబడి ఎంతో వేశారు. తక్కువ ఉన్న బల్ల ఎర్రగా కనిపించేది. ఆ బల్ల దగ్గర పల్లెల నుంచి వ్యానులో వచ్చి, గంటల తరబడి మంచు నీళ్లలో చేతులు పెట్టి పని చేసే ఆడవాళ్లు. ఎరుపు చూసి సూపర్‌వైజరు కేకలు వేసేవాడు. ఒకామె మూడు రోజులు ఏడ్చి పని మానేసింది. తరువాత నేను చూస్తే, ఆ బల్లకు వరుసగా మెత్తపెంకు సరుకు వచ్చింది. మెత్తపెంకు రొయ్య చేతిలోనే చితికిపోతుంది, తూకం తగ్గుతుంది. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), పెంకు రాయకుండా బల్లలను పోల్చడం అన్యాయం. మీరు కట్టే నివేదికలో మనుషులనూ బల్లలనూ వేయకండి. చెరువు, కౌంటు, పెంకు వేయండి. తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

సోమవారం నివేదిక

మీ మాట చదివాక నా నమూనాలోంచి బల్లల పేజీ తీసేశాను. అది నిజంగా వేశాను, చెప్పుకోవడానికి బాధగా ఉంది.

40 మంది ప్రతిపాదన వెనక్కు తీసుకున్నాను. మూడు నెలలు ఉచిత డెస్క్‌టాప్‌తో నేనొక్కదాన్నే చేస్తానన్నాను, మేనేజర్ గారు ఒప్పుకున్నారు. కానీ ఏ తూకం తీసుకోవాలన్నది తేలలేదు. గట్టు మీద డబ్బు కట్టింది మేము అని కొనుగోలు వారు, చేతికి వచ్చిన సరుకుతోనే లెక్క అని ప్లాంటు వారు.

తల తీసే బల్ల

రెండూ ఉంచండి, వేర్వేరు పేర్లతో. గట్టు దిగుబడి, ప్లాంటు దిగుబడి. మధ్యలో రవాణా తరుగు అని ఒక గడి పెట్టండి. ఆ లారీకి అది 120 కిలోలు. మంచు ఎంత వేశారో, లారీ ఎన్ని గంటలు నడిచిందో కూడా రాయించండి. నాలుగు వారాల తరువాత ఆ గడి ఎలా ఉందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.