పాత టిల్లర్ తోటలో కాసేపు నడిచి ఆగిపోతోంది, డీజిల్ పంపు మార్చమంటున్నారు, మార్చాలా?

లంకతోట:
నమస్కారం అండి. మాది ముమ్మిడివరం దగ్గర లంక. నాన్నగారి నాటి పవర్ టిల్లర్ ఒకటుంది, సింగిల్ సిలిండర్ డీజిల్, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేది, రేడియేటర్ ఉన్న రకం. కొబ్బరి చెట్ల మధ్యలో అరటీ కోకో వేసేసాం కాబట్టి పెద్ద ట్రాక్టర్ లోపల తిరగదు, మాకు ఇదే దిక్కు. 2022 జూలై వరదకి పాకలోకి నీళ్ళొచ్చి బండి పూర్తిగా మునిగింది. అప్పుడు ఇంజనాయిలు మార్పించి స్టార్ట్ చేయించి పక్కన పెట్టేసాం, ఈమధ్యే బయటికి తీసాను.

ప్రాబ్లం ఏంటంటే, పొద్దున్నే రెండు మూడు తిప్పులకే అందుకుంటుంది, ఖాళీగా వదిలేస్తే ఎంతసేపైనా ఆడుతుంది, రోటరీ (మట్టి తిరగేసే బ్లేడ్లు) వేసి తోటలో దింపితే మాత్రం పది పదిహేను నిమిషాలకి స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఊగి ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్ళీ స్టార్ట్ అవుతుంది, మళ్ళీ అదే కథ. నల్లపొగ రాదు. ఇక్కడ మెకానిక్ చూసి పంపు పోయింది, పంపూ, డీజిల్ ని ఇంజన్లోకి చిమ్మే నాజిలూ రెండూ మార్చాలి అన్నాడు. ఇంట్లోవాళ్ళు పాత సామాన్లవాడికి ఇచ్చేయమంటున్నారు. నాకు మనసొప్పట్లేదండి, హ్యాండిల్ గ్రిప్పుల మీద నాన్న చేతులు పట్టుకున్న చోట రబ్బరు అరిగి నున్నగా అయిపోయి ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

పాతఇంజన్లు:
పంపు మాత్రం ఇప్పుడే విప్పించకండి దయచేసి. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. పంపు లోపల డీజిల్ ని నెట్టే కడ్డీ, అదే ప్లంజర్, అరిగితే ముందు కష్టమయ్యేది స్టార్టింగే, ఎందుకంటే చేత్తో తిప్పే స్పీడుకి డీజిల్ పక్కనుంచి జారిపోయి నాజిల్ దాకా ప్రెషర్ రాదు, అందులోనూ వేడెక్కాక డీజిల్ పలచబడి ఇంకా మొండికేస్తుంది. మీది రెండు తిప్పులకే అందుకుంటోంది కదా. ఖాళీగా ఆడేటప్పుడు ఇంజను తాగేది చాలా తక్కువ, ట్యాంకు నుంచి సన్నగా దిగినా సరిపోతుంది, లోడ్ పడితే ఆ సన్నధార చాలదు, పైపులో ఉన్నది అయిపోగానే ఊగి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ నిండుతుంది. నాకైతే డీజిల్ దిగట్లేదనే అనిపిస్తోంది.

కానీ అనుమానంతో సామాను మార్చకూడదు, ఆగిపోయిన నిమిషంలోనే అక్కడే తోటలోనే చూడాలి. ముందు ట్యాంకు మూత తీయండి, ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న చిన్న కన్నం పూడిపోయినట్టే, పిన్నీసుతో పొడిస్తే అయిపోతుంది. అలా ఏమీ లేకపోతే ఫిల్టర్ దగ్గర పైపు వదులు చేసి కింద డబ్బా పెట్టండి, ధార కట్టకుండా చుక్కలు చుక్కలుగా పడితే పైనే ఎక్కడో అడ్డం ఉంది. డీజిల్ బాగానే దిగుతుంటే అప్పుడు డీకంప్రెషన్ లివర్ (ఇంజను చేతికి తేలిగ్గా తిరగడానికి వాల్వు తెరిచి పట్టేది) ఎత్తి పట్టుకుని హ్యాండిల్ తిప్పుతూ నాజిల్ దగ్గర చెవి పెట్టండి, ఇంజను ప్రతి రెండు చుట్లకీ ఒకసారి కిర్రుమని శబ్దం వస్తే పంపూ నాజిలూ పనిచేస్తున్నట్టే లెక్క. అది వినకుండా ఏ మెకానిక్ చెప్పినా పంపు పోయిందంటే నేను నమ్మను.

ఇంకోటి, పంపు కింద షిమ్ములని పల్చటి రేకులు ఉంటాయి, డీజిల్ ఎప్పుడు చిమ్మాలనే టైమింగ్ అంతా వాటి మీదే. విప్పినప్పుడు ఒకటి పోతే టైమింగ్ ముందుకి జరిగి ఇంజను టకటకా కొట్టుకుంటుంది, రెండు ఎక్కువ పెడితే వెనక్కి జరిగి బాగున్న ఇంజను తెల్లపొగ కొడుతూ కూర్చుంటుంది.

రాజోలు రైతు:
పైన ఆయన చెప్పింది కరెక్టే గానీ దానికి ఇంకో కారణం కూడా ఉంటుందండి, మా బండికి అదే జరిగింది. వేడెక్కాక ఆగిపోయేది, చల్లారాక స్టార్ట్ అయ్యేది, డీజిల్ మాత్రం ధారగా దిగేది. చూస్తే టాపెట్ గ్యాపు, అంటే వాల్వు కాడకీ దాన్ని నొక్కే ఆర్ముకీ మధ్య సందు. ఏళ్ళ తరబడి వాల్వు సీటులోకి దిగిపోతూ ఉంటే గ్యాపు తగ్గిపోతుంది, ఇంజను కాగాక వాల్వు కాడ సాగి గ్యాపు పూర్తిగా మూసుకుపోతుంది, వాల్వు సరిగ్గా కూర్చోదు, కంప్రెషన్ (సిలిండర్లో నొక్కుకున్న గాలి) కారిపోతుంది. ఆగిన వెంటనే లివర్ ఎత్తకుండా హ్యాండిల్ తిప్పి చూడండి, పొద్దున్న తిప్పినప్పటికంటే చేతికి బాగా తేలిగ్గా తిరిగితే ఇదే. ఫీలర్ గేజుతో (సందు కొలిచే పల్చటి రేకులు) ఇంజను చల్లగా ఉన్నప్పుడే సెట్ చేయాలి, మీ మోడల్ పుస్తకంలో ఉన్న నంబరే పెట్టండి.

రేడియేటర్లో ఏ నీళ్ళు పోస్తున్నారు? మా వైపు సముద్రం దగ్గర కదా, బోరు నీళ్ళు ఉప్పన. అవి పోసిన బండ్లు లోపలంతా తుప్పూ సుద్దా పట్టి ఊరికే కాగిపోతాయి. వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి, లేదంటే షాపులో దొరికే కూలెంట్ పోయండి.

లంకతోట:
ఇద్దరికీ చాలా థ్యాంక్సండి, ఈరోజే చూసాను. మూత తీస్తే గాలి ఏమీ పీల్చలేదు. చేతికి హ్యాండిల్ బరువు పొద్దున్న ఎంతుందో అంతే ఉంది, కాబట్టి టాపెట్ కాదనుకున్నా. ఫిల్టర్ దగ్గర పైపు తీస్తే మొదట కాస్త ధార వచ్చి తర్వాత చుక్కలే. ట్యాంకు దింపి, ఉన్న డీజిల్ తెల్ల బకెట్లోకి వంపితే అడుగున నీళ్ళు, ఒండ్రు, వాటి మధ్యలో నల్లటి జిగురు తెట్టెలు. ట్యాంకు లోపల చిన్న జల్లెడకి ఆ జిగురు వచ్చి అతుక్కుంటోంది, ఇంజను ఆగాక ఊడి కిందకి దిగిపోతోంది, అందుకే మళ్ళీ స్టార్ట్ అవుతోందన్నమాట. అప్పుడు వరదకి ఇంజనాయిలు మార్చారు గానీ ట్యాంకు ఎవరూ ముట్టుకోలేదు. నాజిల్ కిర్రు శబ్దం చక్కగా వినిపించింది. ఇప్పుడు ట్యాంకు ఎలా కడగాలి, నీళ్ళతో కడగొచ్చా?

మండపేట వర్క్‌షాప్:
నీళ్ళు వద్దండి. ఆ జిగురు డీజిల్ కీ నీళ్ళకీ మధ్య పెరిగే బ్యాక్టీరియా, బూజు, నీళ్ళు ఉంటేనే బతుకుతాయి. ట్యాంకులో లీటరు డీజిల్ పోసి, గుప్పెడు చిన్న నట్లు వేసి బాగా ఊపి వంపండి, తెల్ల గుడ్డ మీద పోస్తే మరక పడనంత వరకూ మళ్ళీ మళ్ళీ చేయండి, నట్లు లెక్కపెట్టి వేసి లెక్కపెట్టి తీయండి. జల్లెడ, కాక్ (డీజిల్ ఆపే కుళాయి), రబ్బరు పైపు అన్నీ విప్పి కడగాలి, పైపు లోపల గట్టిపడి ఉంటే కొత్తది వేసేయండి. ఫిల్టర్ కడిగి వాడొద్దు, మార్చండి.

బిగించాక పైపుల్లో చేరిన ఎయిర్ తీయడం వరసలో చేయాలి. ముందు ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా వదిలి బిగించండి, తర్వాత పంపు దగ్గర, ఆఖరున నాజిల్ కి వెళ్ళే ఇనప పైపు నట్టు కొద్దిగా వదులు చేసి హ్యాండిల్ తిప్పండి, డీజిల్ రాగానే బిగించేయండి. ఆ నట్టు దగ్గర వేలు అడ్డం పెట్టకండి, నాజిల్ ముందు అసలు వద్దు, ఆ ప్రెషర్ కి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, దూరితే వెంటనే హాస్పిటల్ కి పరిగెత్తాల్సిందే. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచండి, చుట్టూ పట్టుకుంటే వెనక్కి తన్నినప్పుడు విరిగిపోతుంది.

నా అసలు భయం గేరుబాక్సు గురించండి. ఇంజన్లోకి నీళ్ళెళ్తే గేరుబాక్సులోకీ రోటరీ చైన్ కేసులోకీ (రోటరీని తిప్పే చైను ఉండే పెట్టె) కూడా వెళ్ళి ఉంటాయి, అవి మార్చారని మీరు రాయలేదు. రేపు బండి తీసే ముందు రెండింటి డ్రెయిన్ బోల్టులూ విప్పి చూడండి. ఆయిలు పాలు కలిపిన టీలా వస్తే మొత్తం వంపేసి, తక్కువ రేటు ఆయిల్ పోసి కాసేపు లోడ్ లేకుండా తిప్పి అదీ వంపి, అప్పుడు కొత్తది పోయండి. బేరింగుల్లో తుప్పు మొదలైతే గేర్లు కూడా పాడవుతాయి, ఆ ఖర్చు ముందు మీ పంపు ఖర్చు ఎంత.

లంకతోట:
చైన్ కేసు విప్పానండి, మీరన్నట్టే తెల్లగా వచ్చింది. గేరుబాక్సు ఆయిలు మాత్రం శుభ్రంగానే ఉంది. రోటరీ షాఫ్టు చివర ఆయిల్ సీలు (ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) కూడా కారుతోంది, ఈ మోడల్ సామాను ఇక్కడ దొరకట్లేదంటున్నారు.

మండపేట వర్క్‌షాప్:
మోడల్ పేరుతో అడగొద్దు, నంబరుతో అడగండి. సీలు మీద మూడు అంకెలు ఉంటాయి, 35 52 8 అని ఉందనుకోండి, లోపల 35, బయట 52, మందం 8 మిల్లీమీటర్లు అని అర్థం, ఏ బేరింగ్ షాపులోనైనా ఇస్తారు. బేరింగులూ అంతే, 6205 అంటే లోపల 25, బయట 52, మందం 15, ఏ కంపెనీదైనా అదే సైజు. అంకెలు చెరిగిపోతే పాతది తీసుకుని రాజమండ్రి వెళ్ళండి, కాలిపర్ పెట్టి కొలిచి ఇస్తారు. సీలు వేసే ముందు షాఫ్టు మీద సీలు పెదవి తిరిగే చోట గోరుతో గీసి చూడండి, గాడి తగిలితే కొత్త సీలు వేసినా కారుతుంది, అప్పుడు సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిపి కూర్చోబెట్టించండి, పెదవి కొత్త జాగాలో పడుతుంది. రోటరీకి చుట్టుకున్న పీచూ అరటి నారా కత్తితో కోసి పూర్తిగా తీసేయండి, సీలుని తినేసేది అదే. తీసేటప్పుడు ఇంజను ఆపి ఉండాలి, క్లచ్ నొక్కి పెట్టి తీద్దామనుకోవద్దు.